అట్లనే అన్న పాపానికి

కంఠేశ్వర్, నిజామాబాద్
23 ఏప్రిల్ 1967

తమ్ముడు ఆత్మారాంకు,

మేమిద్దరం బాగున్నామని రాయాలని ఉంది కాని, మీ బావకు పంటి నొప్పి. పన్ను చూపించుకు రావయ్యా అని బజారుకు పంపితే, రేడియో బాగు చేయించుకుని వచ్చాడు. ఇప్పుడు పాటలు వింటూ మూలుగుతున్నాడు.

అసలు సంగతి చెప్తాను, నిలబడి చదువుతుంటే కూర్చో. మా బడిలో హిందీ చెప్పే షంషాద్ టీచరు ఉంది కదా, ఆమె అక్క హైదరాబాద్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల మేడం. పోయినేడు జిల్లా పోటీల్లో మన రేణుక ఖోఖో ఆడుతుంటే చూసిందట. అవతలి జట్టు పిల్లలు తొమ్మిది మందీ వెంటపడి అలిసి, నడుములు పట్టుకుని కూర్చున్నారే తప్ప మన పిల్ల అందలేదు. ఆ మేడం ఇప్పుడు కబురు పంపింది. మెట్రిక్ పాసైతే చాలు, పి.యు.సి.లో సీటు, హాస్టలు, ఖోఖో జట్టులో చోటు అన్నీ ఖాయం. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంచేది కూడా అక్కడినుంచేనట.

నేను వెంటనే "వస్తది" అని చెప్పేశాను. నా మేనకోడలి సంగతి నేను కాక ఎవరు చెప్తారు?

నువ్వు రాయవలసింది ఒక్కటే ముక్క, సరే అని. చెరకు బండ్ల కథలు, ఎదురింటి మేక కథలు వద్దు. పోయిన ఉత్తరంలో "సంతోశం" అని రాశావు. నాలుగో తరగతి పిల్లలు రాస్తే నేను చెవి మెలిపెడతాను.

మీ అక్క
వసంతమ్మ


బోధన్
1 మే 1967

అక్కకు పాదాలంటి,

నీ ఉత్తరం చూసి చాలా సంతోషం. (ఈసారి సరిగ్గానే రాశాను చూడు.) బావ పంటికి లవంగనూనె పెట్టమని నీ మరదలు తారాబాయి చెప్పమంది.

ఫ్యాక్టరీలో ఈ ఏటి క్రషింగు అయిపోయింది. కాటా దగ్గర ఒక్క బండి లేదు. ఆర్నెల్లు రైతులతో "తూకం తక్కువొచ్చింది సాబ్" అనిపించుకున్న చెవులకు ఇప్పుడు ఏమీ వినపడక బెంగగా ఉంది. ఎదురింటి మేక మన మందార చెట్టును మళ్లీ తినేసింది. వద్దన్నావు కాని, ఇది కొత్త మేక.

రేణుక పరీక్ష బాగానే రాశానంటోంది. హైదరాబాద్ అంటే పెద్ద ఊరు. మంచి కాలేజీయే అయి ఉంటుంది. నీకు తెలియనిది ఏముంది? ఇక ఉంటాను.

నీ తమ్ముడు
ఆత్మారాం

మళ్లీ రాస్తున్నది: చిన్న సంగతి ఒకటి ఉంది. మూడేళ్ల కింద, రేణుక ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, తాలూకా పోటీలకు నిజామాబాద్ నుంచి దేవిదాస్ అని ఆటల మాస్టరు వచ్చాడు. మీ కంఠేశ్వర్ దగ్గర పెట్టిన ఆడపిల్లల కాలేజీలో అప్పుడే కొత్తగా చేరాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మనిషి నిలువెత్తు. ఆట అయిపోగానే నేరుగా మనింటికి వచ్చి, "ఆత్మారాం సాబ్, మీ పిల్లను మాకే ఇయ్యాలె. ఇంకెవ్వరడిగినా ఇయ్యద్దు" అన్నాడు. ఉత్త చేతులతో రాకూడదని కాబోలు, ఒక చక్కెర పొట్లం తెచ్చి రేణుక చేతిలో పెట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరికి చక్కెర తెచ్చిన మనిషిని నేను అదే మొదలు చూడటం. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఏమనాలి? "అట్లనే" అన్నాను.


కంఠేశ్వర్
7 మే 1967

ఓరి ఆత్మారాం,

అట్లనే అన్నావా! నీ జన్మలో ఇంకో మాట నేర్చుకోలేదా? అడిగిన వాడు గుమ్మం దిగిపోతే చాలని, అడిగిందానికల్లా అట్లనే. ఆ మాట పుణ్యానికి మన అవ్వ వెండి కడియాలు ఎవరింట్లో ఉన్నాయో ఇప్పటికీ తెలియదు. ఆ మాటతోనే ఇద్దరు మేస్త్రీలకు ఒకే గోడ ఒప్పగించి, వాళ్లిద్దరూ మన వాకిట్లో తాపీలతో కొట్టుకుంటే నువ్వు వెనక తలుపు నుంచి జలీల్ సైకిల్ షాపుకు పారిపోయావు. ఇప్పుడు కన్నబిడ్డనే ఒప్పగించావు!

పైగా ఆ సంగతి ఉత్తరం కింద, మేక తర్వాత!

ఒక్కటి చెప్పు. ఎనిమిదో తరగతి పిల్ల గురించి, మూడేళ్ల ముందు, నోటి మాటగా అన్నది ఒక మాటేనా? ఆ పిల్ల మెట్రిక్ పాసవుతుందో లేదో తెలియదు, కాలు బెణుకుతుందో తెలియదు. అంత ముందుగా వచ్చి మాట పట్టుకుపోవడం ఆ మాస్టరుది తప్పు. పిందెను చూసి పండు నాదంటే ఎట్లా? నేను రేపో ఎల్లుండో వాళ్లింటికి వెళ్లి ఈ సంగతి తేల్చేసి వస్తాను. వాళ్లది మా వెనక వీధేనట.

తారాబాయికి చెప్పు, లవంగనూనె పెట్టాను. మీ బావ అది మింగాడు.

వసంతమ్మ


బోధన్
14 మే 1967

అక్కా,

కోపం తగ్గాక ఈ ఉత్తరం చదువు. తగ్గకపోతే బావతో చదివించుకో.

నువ్వన్నది నిజమే. కాని నా నౌకరి చూడు. చెరకు నాటిన రోజునే రైతు ఫ్యాక్టరీకి ఇస్తానని ఒప్పుకుంటాడు. కోత వచ్చేసరికి బెల్లం బట్టీ వాడొచ్చి ఇంకాస్త ఆశ చూపిస్తాడు. "ముందుగాల మాకు మాటిచ్చినవ్, గిప్పుడు బట్టీకి తోలుతవా" అని రైతుల్ని పదిహేనేళ్లుగా కాటా దగ్గర నిలబెట్టి అడుగుతున్నవాణ్ని నేను. రేపు రుద్రూర్ రైతు భోజన్న వచ్చి, "మరి నీ బిడ్డ సంగతేంది, గుమస్తా సాబ్" అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇంకో చిక్కు. జలీల్ బిడ్డ వాజిదా కూడా మన రేణుకతోనే ఆడుతుంది. దేవిదాస్ మాస్టరు వాళ్లనూ అడిగాడట. జలీల్ నిన్న పంక్చరు వేస్తూ, "మీ రేణుక పోతెనే మా వాజిదా పోతది భాయ్, లేకుంటె ఇంట్ల కూసుంటది" అన్నాడు. నేనేమన్నానో నీకు రాయను.

తారాబాయి మాత్రం నీ మీద కోపంగా ఉంది. "ఖాయమైనదాన్ని తప్పిస్తరా, ఏం మనుషులు మీరు!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెకు మాట పట్టింపు ఇంత ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. నువ్వు ఎట్లాగూ వెళ్తున్నావు కనుక కొన్ని సంగతులు కనుక్కు రమ్మంది. ఆమె అన్నట్టే రాస్తున్నాను: "ఆడ వంట ఎవలు చేస్తరు? పెద్దామె తీరెట్లుంటది? పండుగలకు పిల్లను పంపుతరా? పొద్దుగాల ఎన్నింటికి లేపుతరు?" హాస్టలు గురించి ఇంత శ్రద్ధగా అడిగిన తల్లి మన బోధన్‌లో ఇంకొకరు ఉండరు.

నీ తమ్ముడు
ఆత్మారాం


కంఠేశ్వర్
22 మే 1967

తమ్ముడూ,

చెరకుకు నోరు లేదు, నీ బిడ్డకు ఉంది. అది ముందు గుర్తుపెట్టుకో.

దేవిదాస్ ఇంటికి వెళ్లాను. గట్టిగా అడగాలని ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని మరీ వెళ్లాను. గుమ్మంలోనే, "రేణుక మేనత్తా మీరు! రండ్రి రండ్రి" అని కుర్చీ తుడిచి వేశాడు. వాళ్లావిడ నిండు నెలలతో ఉంది. అయినా లేచి చాయ పెట్టి, అటుకులు వేయించి తెచ్చింది. ఆ పిల్ల ఒక చేత్తో నడుము పట్టుకుని ఇంకో చేత్తో పళ్లెం ఇస్తుంటే, "మా రేణుక మీకు రాదు" అని ఎట్లా అంటానురా? రెండు పళ్లేల అటుకులు తిని వచ్చాను. వచ్చే వారం మళ్లీ వెళ్లి తప్పకుండా చెప్తాను.

తారాబాయి అడిగినవన్నీ కనుక్కున్నాను, చదివి వినిపించు. వంటకు మనిషి ఉంది, కాని వారానికోసారి పిల్లలూ చెయ్యి వేయాలి. పెద్దామె మాట కరుకు. గేటుకు తాళం వేసి చెవి కొంగుకు కట్టుకుంటుంది. పండుగలకు పంపుతారు కాని, పోటీలు దగ్గర పడితే దీపావళి అయినా సరే పంపరు. పొద్దున అయిదింటికే లేపి పరుగెత్తిస్తారు. ఇప్పటికి పదకొండు మందిని తెచ్చుకున్నాడట. "రేణుక వస్తే పన్నెండు అక్కా. ఆమె మీదనే నా ఆశంత" అన్నాడు. పాపం, కళ్లల్లో నీళ్లు ఒక్కటే తక్కువ.

వసంతమ్మ


బోధన్
27 మే 1967

అక్కా,

కొంప మునిగింది.

నీ ఉత్తరం వచ్చేసరికి తారాబాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తెలుగు చదవడం రాదు కదా, నేనే గట్టిగా చదివాను. "వాళ్లావిడ నిండు నెలలతో" అన్నచోట చాట ఆగింది.

"అగ బాయీ! గాయినకు పెండ్లామున్నదా?"

"ఉండదా మరి?" అన్నాను.

అయిదింటికి లేపి పరుగెత్తిస్తారు అన్నచోట, "ఎందుకు ఉరికిస్తరు?" అంది. "అదే కదా అక్కడ పని" అన్నాను. పదకొండు మంది అన్నచోట చాట కింద పడింది.

"పదకొండు మందా! మరి మన పొల్ల?"

"పన్నెండోది" అన్నాను.

అక్కా, ఆమె ఏడుపుకు ఎదురింటి మేక కూడా పారిపోయింది. బియ్యం మీదే కూర్చుని నెత్తి కొట్టుకుంది. జలీల్ పంపు వదిలేసి పరుగెత్తుకు వచ్చాడు. ఎవరు పోయారని వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది. "నా బిడ్డను పన్నెండో పెండ్లాం కింద ఇచ్చిండే ఈ మనిషి!" అని ఆమె, "పన్నెండో ఆటగత్తెనే, ఆటగత్తె!" అని నేను. ఆటగత్తె అనేసరికి ఇంకా గట్టిగా ఏడ్చింది.

సాయంత్రానికి సంగతి బయటపడింది. తారాబాయి పుట్టిల్లు దెగ్లూర్ కదా. వాళ్ల మరాఠీ దిక్కు, మగపిల్లవాడి తరఫున వచ్చి ఆడపిల్ల చేతిలో చక్కెర పొట్లం పెడితే పెళ్లి ఖాయమైనట్టట. సాఖర్‌పుడా అంటారట. ఆ రోజు ఆమె వంటింట్లో నుంచి చూసింది. నిలువెత్తు పిల్లవాడు, చేతిలో పొట్లం, "పిల్లను మాకే ఇయ్యాలె" అన్నాడు, నేను అట్లనే అన్నాను. ఇంక ఆమెకు ఏం కావాలి? ఈ మూడేళ్లూ, "గాయిన మంచిగున్నడా?" అని అప్పుడప్పుడు అడుగుతుండేది. నేను "బ్రహ్మాండంగా ఉన్నాడు" అంటుండేవాణ్ని. రెండు ఇత్తడి బిందెలు కూడా కొని అటక మీద పెట్టిందట.

నీ తమ్ముడు
ఆత్మారాం


కంఠేశ్వర్
2 జూన్ 1967

తమ్ముడూ,

నీ ఉత్తరం బడిలో చదివాను. మూడో తరగతి పిల్లలు, పంతులమ్మకు మూర్ఛ వచ్చిందని షంషాద్‌ను పిలుచుకొచ్చారు. ఆమె విసనకర్రతో విసురుతూ తనూ చదివింది, తర్వాత ఇద్దరికీ విసరడానికి ఇంకొకరు కావలసి వచ్చింది.

పోయినేడు నేను తెచ్చిన బాల్కొండ సంబంధాన్ని తారాబాయి గుమ్మంలోనే ఎందుకు తిప్పి పంపిందో ఇప్పుడు తెలిసింది. నేనంటే లెక్కలేదనుకుని ఏడాది మీ ఇంటికి రాలేదు. పోనీలే, ఆ పెళ్లి జరిగి ఉంటే పిల్లకు ఇప్పుడు కాలేజీ లేదు, ఖోఖో లేదు. ఆ చక్కెరకు ఒక దండం.

నవ్వు అయిపోయింది, ఇక విను. షంషాద్ అక్క మళ్లీ రాసింది. జూన్ ఇరవైలోపు పేరు రాయించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నువ్వు రేణుకను తీసుకుని బయలుదేరి రా. ముగ్గురం దేవిదాస్ ఎదుట కూర్చుని, మాట వెనక్కి తీసుకుంటున్నామని చెప్దాం. చెప్పేది నువ్వు. ఇచ్చిన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. జ్వరమని మాత్రం రాయకు.

వసంతమ్మ


బోధన్
9 జూన్ 1967

అక్కా,

జ్వరం వచ్చింది. నిజంగానే వచ్చింది, తారాబాయిని అడుగు.

రేణుకకు ఫస్టు క్లాసు వచ్చింది. సోమవారం పొద్దున బస్సుకు ఒక్కతే వస్తోంది. మీ ఇల్లు దానికి తెలుసు.

నిన్న దాన్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "హైదరాబాద్ పోతవా, నిజామాబాద్ పోతవా, నీకేమున్నది మనసుల?" అన్నాను. అది నా నుదుటి మీద తడిబట్ట తీసి, పిండి, మళ్లీ వేసింది. "గిప్పుడా బాపూ అడిగేది?" అంది. అంతే, లేచి పోయి బట్టలు సర్దుకుంది. నాకు జ్వరం కన్నా ఆ మాట ఎక్కువ బాధ పెట్టింది. దాన్ని ఏమీ అనకు.

ఆత్మారాం


కంఠేశ్వర్
15 జూన్ 1967

తమ్ముడు ఆత్మారాంకు,

నీ బిడ్డ క్షేమంగా చేరింది. మీ బావకు పన్ను పీకించింది కూడా అదే. చెయ్యి పట్టుకుని దవాఖానకు లాక్కుపోయింది. నెలన్నరగా నా వల్ల కాని పని.

మంగళవారం ఇద్దరం దేవిదాస్ ఇంటికి వెళ్లాం. కొడుకు పుట్టాడు వాళ్లకు. నేను గొంతు సవరించుకునేలోపే అతనే మొదలుపెట్టాడు. "నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్న అక్కా. నాకు హైదరాబాద్‌ల నౌకరి అయ్యింది." ఏ కాలేజీ అనుకున్నావు? షంషాద్ అక్క ఉన్నదే! "ఆత్మారాం సాబ్ మాట ఇచ్చింది నాకు. నేను ఆడికి పోతున్న, రేణుక గూడ ఆడికే వస్తది. మాట తప్పినట్టు గాదు, ఏం గాదు" అన్నాడు. నీ మాట నిలిచింది, నా మాట నిలిచింది, సీటూ నిలిచింది. నాకు లేచి గంతులేయాలనిపించింది. పసివాణ్ని ఎత్తుకుని ముద్దు కూడా పెట్టుకున్నాను.

రేణుక గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మరి వాళ్లు పదకొండు మంది, సార్?" అంది.

"వాళ్లకేం? కొత్త మాస్టరు వస్తడు."

"వాళ్లను నా పేరు చెప్పి పిలిచిండ్రు సార్. నేనున్ననని వాజిదాను వాళ్ల అబ్బా పంపుతున్నడు. బాల్కొండ భూమవ్వ వాళ్లింట్ల రేణుక వస్తున్నదని చెప్పుకొని లగ్గం ఆపిచ్చుకున్నది. నేను రాకుంటె వాళ్లను ఇండ్లల్ల కూసోబెడుతరు."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పెద్దవాళ్లం నవ్వుతాం చూడు, అది. "చిన్నపిల్లలు రేణుకా. నాలుగు రోజులైతే మర్చిపోతరు."

"నేను గూడ గప్పుడు చిన్నపిల్లనే సార్. బాపును అడిగే ముందల గ్రౌండుల మీరు నన్ను అడిగిండ్రు. వస్త అన్న. మూడేండ్లు గదే యాది పెట్టుకొని ఉరికిన. మర్వలే."

దేవిదాస్ నా చేతుల్లోంచి పసివాణ్ని తీసుకుని భుజాన వేసుకున్నాడు. "నేను ఆర్డరు తీసుకున్ననమ్మా, ఆగలేను" అన్నాడు. "మీరు పోండ్రి సార్. మిమ్ముల తప్పు పడతలేను. నేను ఈడనే ఉంట" అంది. గొంతు పెంచలేదు, కంట నీరు పెట్టలేదు. నీళ్లు పెట్టుకున్నది నేను, ఆ బాలింత పిల్ల.

రెండు నెలలుగా మనం నువ్వేమన్నావు, నేనేమన్నాను అని కొట్టుకున్నాం. ఆ పిల్ల తన నోటితో తాను ఒక మాట ఇచ్చుకుందని మనలో ఒక్కరికీ తెలియదు. అడిగితే కదా తెలిసేది! బడిలో పాతికేళ్లుగా పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను రా.

నిన్న ఇక్కడి కాలేజీలోనే పేరు రాయించాం. హైదరాబాద్‌కు రాదని షంషాద్ అక్కకు నేనే రాయవలసి వచ్చింది. ఎంత కష్టమనుకున్నావు! నాలుగు కాగితాలు చింపాను. అయిదో దానిలో ముందు ఎండల గురించి రాసి, తర్వాత మీ బావ పన్ను గురించి రాసి, అసలు సంగతి కిందకు తోశాను. నిన్ను తిట్టినవన్నీ గుర్తొచ్చాయి. వాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

దాని పెట్టె, పరుపు తీసుకుని ఆదివారం నువ్వే రా. జ్వరం తగ్గిందని నాకు తెలుసు. తారాబాయిని కూడా తీసుకురా, హాస్టల్ పెద్దామెను కళ్లారా చూసుకుంటుంది.

రాత్రి అన్నం తింటూ రేణుక, "నామీద కోపమొచ్చిందా అత్తా?" అని అడిగింది. వచ్చిందన్నాను. నిజంగానే వచ్చింది, దానిమీద కాదు. ఇకముందు ఎవరైనా గుమ్మంలోకి వచ్చి ఈ పిల్ల గురించి అడిగితే నువ్వు నోరు మూసుకో. నేనూ మూసుకుంటాను. దాన్ని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, అది ఏం చెప్తుందో మనిద్దరం విందాం.

మీ అక్క
వసంతమ్మ